గోడ చూసి బొమ్మ కొనండి: కలంకారీ, చేర్యాల, తంజావూరు, నిర్మల్ చిత్రాలతో ఇల్లు అలంకరించుకునే పద్ధతి

గృహప్రవేశం అయిన వారానికే హస్తకళల దుకాణానికి వెళ్లి, కంటికి నచ్చిన పటం ఇంటికి తెచ్చేసి, ఆ తర్వాత దాన్ని ఎక్కడ పెట్టాలా అని గోడలు వెతికేవాళ్లే ఎక్కువ. ఈ వరస తిరగెయ్యాలి. కలంకారీ అంటే నూలు గుడ్డ. చేర్యాల బొమ్మ అంటే గుడ్డ మీద సుద్ద పూత. తంజావూరు పటం చెక్క మీద సుద్ద, దానిమీద బంగారు రేకు. నిర్మల్ చిత్రం చెక్క పలక మీద డ్యూకో అనే నిగనిగలాడే లక్క లాంటి రంగు. ఒకదాన్ని ఎండ తింటే ఇంకొకదాన్ని చెమ్మ తింటుంది. వేలు పోసి కొన్న బొమ్మ మూడేళ్లకే వెలిసిపోయిందన్నా, పెచ్చులూడిందన్నా చాలాసార్లు తప్పు బొమ్మది కాదు, దాన్ని తగిలించిన చోటుది.

1. ముందు గోడ పరీక్ష

ఉదయం 8కి, మధ్యాహ్నం 12కి, సాయంత్రం 4కి గదిలోకి వచ్చి ఎండ పొడ ఎక్కడ పడుతోందో చూసి, పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టండి. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. మే నెలలో చూసి, దక్షిణం కిటికీలోంచి ఎండే రావడం లేదని తేల్చేస్తారు. మన ప్రాంతంలో మే, జూన్‌లలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు. డిసెంబరులో దక్షిణానికి వాలతాడు కాబట్టి అదే కిటికీలోంచి ఎండ గది లోపలిదాకా వస్తుంది. దక్షిణం, పడమర కిటికీలకు ఎదురుగా ఉన్న గోడను గుడ్డ మీద గీసిన బొమ్మలకు ఇవ్వకండి.

ఆ తర్వాత చెమ్మ. బాత్‌రూమ్‌కు ఆనుకున్న గోడ, వాన జల్లు కొట్టే బయటి గోడ, పైన ట్యాంకు ఉన్న మూల, ఈ మూడింటినీ అనుమానించాల్సిందే. అడుగున్నర చదరం ప్లాస్టిక్ కవరు ముక్కను గోడకు ఆనించి నాలుగంచులా టేపు వేసి, రెండు రోజులు వదిలేయండి. తీసినప్పుడు లోపలివైపు చెమట పట్టినట్టు నీటి బిందువులుంటే ఆ గోడ ఊరుతోందని అర్థం. దానికి ముందు మరమ్మతు చేయించాలి, బొమ్మ సంగతి తర్వాత. కొత్తగా కట్టిన ఇంట్లో బయటి గోడలకు ఒక వానాకాలం గడిచేదాకా ఏమీ తగిలించకపోవడమే మంచిది. ప్లాస్టరింగులోని తేమ పోవడానికి చాలా నెలలు పడుతుంది.

ఇక గోడ దేనితో కట్టారో తెలుసుకోవాలి. పాత ఇళ్లలో ఇటుక ఉంటుంది. ఇప్పటి అపార్టుమెంట్లలో ఏఏసీ బ్లాకులు, అంటే లోపల గాలి బుడగలుండే తేలికపాటి సిమెంటు దిమ్మలు ఉండొచ్చు, లేదా గోడ మొత్తం కాంక్రీటే పోసి ఉండొచ్చు. డ్రిల్లు పెట్టినప్పుడు ఎర్రటి పొడి రాలితే ఇటుక, తెల్లటి మెత్తని పొడి రాలితే ఏఏసీ బ్లాకు, బిట్టు లోపలికి దిగకుండా మొరాయిస్తే కాంక్రీటు. ఈ తేడా ఎందుకు ముఖ్యమో మేకుల దగ్గర చెప్తాం. స్విచ్చుబోర్డుకు నేరుగా పైనా, అడ్డంగా పక్కనా వైర్లు పోతుంటాయి. అక్కడ డ్రిల్లు ముట్టించకండి.

ఏసీ గాలి నేరుగా తగిలే చోటు తంజావూరు పటానికి పనికిరాదు. చల్లబడటం, మళ్లీ వేడెక్కడం వల్ల చెక్క సాగుతూ ముడుచుకుంటూ ఉంటుంది, దానిమీద గట్టిపడిన సుద్ద మాత్రం సాగదు, అందుకే పగుళ్లిస్తుంది. వంటింటి పోపు పొగ గాలిలో కలిసి వచ్చే భోజనాల గదిలో అద్దం లేని బొమ్మ పెట్టకండి. నూనె జిడ్డు, దానిమీద దుమ్ము కలిసి పట్టిన పొరను గుడ్డ మీంచి తీయడం ఎవరి తరమూ కాదు.

2. ఏ గోడకు ఏ బొమ్మ

*శ్రీకాళహస్తి కలంకారీ.* ఎండ పడని, పొడిగా ఉండే పెద్ద గోడకు దీన్ని మించింది లేదు. కోర నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల కలం గీత గుడ్డలో పాకిపోకుండా నిలుస్తుంది. కాల్చిన చింతబరికె బొగ్గుతో ముందు బొమ్మ తేలిగ్గా గీసుకుని, వెదురు కలంతో నల్ల గీత వేస్తారు. ఆ నలుపు సీసాలో కొనే సిరా కాదు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి కొన్ని వారాలు పులియబెట్టిన ద్రవం అది. గుడ్డలోని కరక్కాయ వగరు తగలగానే నల్లబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక పూసి, మంజిష్ఠ లాంటి వేళ్లతో ఉడికిస్తారు. పటిక ఉన్నచోటే ఎరుపు పడుతుంది. పసుపుకు దానిమ్మ తొక్కలు, కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు.

ఇదంతా కొనేవాళ్లకెందుకంటే, ఏ రంగు ముందు పోతుందో దీన్నిబట్టే తెలుస్తుంది. ఎండకు పసుపు ముందు వెలుస్తుంది. దానితోపాటు పసుపు, నీలం కలిపి చేసిన ఆకుపచ్చ కూడా మెల్లగా నీలంలోకి జారుతుంది. నల్ల గీతల్లోని ఇనుము ఏళ్లు గడిచేకొద్దీ నూలును కొరుకుతుంది. పాత కలంకారీల్లో ముందు చిరిగేవి ఆ నల్ల గీతలే. కాబట్టి ఈ గుడ్డను మడత పెట్టి బీరువాలో దాచకూడదు, చుట్టి దాచాలి.

శ్రీకాళహస్తిది కలం పని, మచిలీపట్నం దగ్గరి పెడనది అచ్చు పని. రెంటికీ భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది. కథ చెప్పే పెద్ద బొమ్మ కావాలంటే కాళహస్తిది, లతలూ పువ్వులూ వరసగా నిండిన గుడ్డ కావాలంటే పెడన అచ్చు. కర్టెన్లకు, దిండు గలీబులకు పెడన గుడ్డే సరి. కలం పని గుడ్డను దిండు గలీబుగా కుట్టించడం పట్టుచీరను తలగుడ్డ చుట్టుకోవడం లాంటిది.

*చేర్యాల.* సిద్దిపేట జిల్లా చేర్యాలలోని నకాషీ చిత్రకారులది ఈ కళ. ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద మట్టి, చింతగింజల అంబలి, తుమ్మ జిగురు కలిపి పూతల మీద పూతలు వేస్తారు. ఎర్రటి నేల, అంటే వెనక పరిచిన రంగు, మీద బొమ్మలు వరసలు వరసలుగా సాగుతాయి. అసలు ఇవి గోడకు తగిలించుకునేవే కావు. మూడడుగుల వెడల్పుతో పదుల అడుగుల పొడవున్న పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, ఊరూరా కుల పురాణాలు పాడేవాళ్ల కోసం గీసినవి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, చాకలివారికి మడేలు పురాణం, అలా ఎవరి కథ వారిది. ఇప్పుడు దుకాణాల్లో దొరికేవి ఎక్కువగా ఒక్కో ఘట్టం గీసిన చిన్న పటాలు, లేదా నాట్లు, కల్లు గీత, బోనాలు లాంటి పల్లె దృశ్యాలు. నడవా, మెట్ల పక్క గోడ, పిల్లల గది, దగ్గరగా నిలబడి చూసే చోటేదైనా వీటికి బాగుంటుంది. నేల ఎర్రగా ఉంటుంది కాబట్టి వెనక గోడ తెలుపు, మీగడ రంగైతే చాలు. ముదురు రంగు గోడ మీద పెడితే రెండూ పోట్లాడుకుంటాయి.

*తంజావూరు.* పేరు తమిళనాడుదైనా మనకు పరాయిది కాదు. విజయనగరం, నాయక రాజుల కాలంలో తమిళ దేశానికి వలస వెళ్లిన తెలుగు రాజు, నాయుడు కులాల కుటుంబాలే ఈ పని తరతరాలుగా చేశాయి. చెక్క మీద గుడ్డ అంటించి, సుద్ద, జిగురు కలిపిన ముద్దతో నగలు, తోరణాలు, స్తంభాలు ఉబ్బెత్తుగా తీర్చి, రాళ్లు పొదిగి, 22 క్యారెట్ల బంగారు రేకు అద్దుతారు. పూజగది, హాల్లో ముఖ్యమైన గోడ దీనికి తగిన చోట్లు. ఒక గదికి ఒకటే పెట్టండి. రెండు తంజావూరు పటాలు పక్కపక్కన పెడితే నగల దుకాణంలా ఉంటుంది.

*నిర్మల్.* నల్లని నునుపైన నేల మీద మెరిసే బొమ్మలు. నాలుగింటిలో దీనికే ఓర్పు ఎక్కువ. అద్దం అక్కర్లేదు, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. నలుపు వెలుతురును మింగేస్తుంది కాబట్టి చీకటి మూలలో పెట్టకండి. కిటికీకి సరిగ్గా ఎదురుగా పెట్టినా లాభం లేదు, నిగనిగలాడే రంగులో బొమ్మ బదులు కిటికీయే కనిపిస్తుంది. తుడవడానికి థిన్నర్ ముట్టుకోకండి, డ్యూకో రంగు అందులో కరుగుతుంది.

ఇంట్లో తాతల నాటి లక్ష్మి, సరస్వతి పటాలు అటక మీద ఉంటే పారేయకముందు కింది అంచు చదవండి. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ముద్రణాలయం పేరు ఉండొచ్చు. అవి చేత్తో గీసినవి కాదు, అచ్చు బొమ్మలే. అయినా కొత్త అట్ట, కొత్త అద్దం వేయించి నీడ పట్టున పెడితే కొన్న బొమ్మ కంటే ఎక్కువ నిండుదనం వస్తుంది.

3. ఏ ఘట్టం

దీనికి శాస్త్రం కంటే ఇంట్లోవాళ్ల మాట ముఖ్యం. శ్రీరామ పట్టాభిషేకం, గిరిజా కల్యాణం, దశావతారాలు, కల్పవృక్షం ఎవరూ కాదనరు. కురుక్షేత్ర యుద్ధం, సీతాపహరణం, ద్రౌపదీ వస్త్రాపహరణం ఎంత గొప్పగా గీసినా "ఇంట్లో కలహం బొమ్మ ఎందుకు?" అనే పెద్దలు ఉంటారు. డబ్బు కట్టకముందే ఫొటో పంపి అడగండి. అత్తగారు వద్దన్న బొమ్మ ఎలాగూ మంచం కిందికే చేరుతుంది. దేవుడి బొమ్మలు పడకగదిలో వద్దనుకునేవాళ్లకు కల్పవృక్షం, నెమళ్లు, లతల కలంకారీ సరిపోతుంది.

కాళహస్తి పెద్ద బొమ్మల్లో నడుమ ఒక ప్రధాన ఘట్టం, చుట్టూ చిన్న గళ్లలో మిగతా కథ, గళ్ల కింద సన్నటి పట్టీలో తెలుగు అక్షరాలు ఉంటాయి. ఆ అక్షరాలు చదవగలిగే చోట బొమ్మ పెడితేనే దాని రుచి తెలుస్తుంది. సోఫా వెనక పెడితే ఎవరూ దగ్గరికి రాలేరు. అలాంటి బొమ్మను ముందు సామాను లేని గోడకు ఇవ్వండి, కింది గళ్లు నేలకు మూడడుగుల ఎత్తులో ఉండేలా చూడండి.

4. కొలతలు

సోఫా మీద బొమ్మ వెడల్పు సోఫా వెడల్పులో మూడింట రెండు వంతులుండాలి. 7 అడుగుల సోఫా అంటే 84 అంగుళాలు, దానికి 56 అంగుళాల బొమ్మ. అంత పెద్దది దొరక్కపోతే 16 అంగుళాల వెడల్పువి మూడు తీసుకుని, మధ్య 4 అంగుళాల చొప్పున ఖాళీ వదలండి, లెక్క 56కే వస్తుంది. ఇవి ఫ్రేముతో కలిపిన కొలతలు. ఫ్రేము, దాని లోపల బొమ్మ చుట్టూ వేసే అట్ట అంచు (మౌంటు) కలిసి ఒక్కో వైపు 4, 5 అంగుళాలు పెంచేస్తాయని మరిచిపోయి కొన్నవాళ్ల బొమ్మలే గోడ దాటి స్విచ్చుల మీదికి వస్తాయి.

సోఫా వీపుకు, ఫ్రేము కింది అంచుకు మధ్య కనీసం 8 అంగుళాలు వదలండి. తల వెనక్కి వాల్చే మనుషులున్న ఇంట్లో 10. గోడ మీద తలనూనె మరకలు ఎంత ఎత్తుదాకా ఉన్నాయో చూస్తే మీ ఇంటి లెక్క మీకే తెలుస్తుంది.

నిలబడి చూసే బొమ్మ నడిమధ్య నేలకు 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉండాలి. దివాను మీదో చాప మీదో కూర్చుని చూసే గదిలో 48 చాలు. మన ఇళ్లలో పటాలు దర్వాజా పైకమ్మి దగ్గర, మెడ నొప్పెట్టేంత ఎత్తులో ఉంటాయి. పూర్వం దండం పెట్టుకునే పటాలను అలా ముందుకు వంచి కట్టేవారు, దానికో కారణం ఉండేది. కలంకారీకి ఆ అవసరం లేదు.

కొనేముందు పాత దినపత్రికలు అంటించి అసలు కొలతకు కత్తిరించి, గోడకు టేపుతో పెట్టి రెండు రోజులు తిరగండి. ఫ్యాను, తలుపు, ఫ్రిజ్జు ఏది అడ్డొస్తుందో అప్పుడే తెలిసిపోతుంది.

5. దుకాణంలో పరీక్ష

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ లేపాక్షి, తెలంగాణ గోల్కొండ షోరూములు, శిల్పారామం సంతలు, లేదంటే నేరుగా కళాకారుల ఇళ్లు. ఎక్కడ కొన్నా కళ్లు తెరిచే కొనాలి.

కలంకారీకి మొదటి పరీక్ష వెనక్కి తిప్పడం. కలం పనిలో నలుపు, ఎరుపు గుడ్డ వెనక్కి దిగుతాయి. డిజిటల్ అచ్చైతే వెనక వెలవెలబోతూ తెల్లగా ఉంటుంది. తర్వాత ఒక నల్ల గీతను వేలితో వెంబడించండి. కలానికి చుట్టిన ఉన్ని ముద్దను వేళ్లతో నొక్కుతూ గీస్తారు కాబట్టి గీత మొదట నిండుగా ఉండి, పోనుపోను సన్నబడి, ముంచిన చోట మళ్లీ లావెక్కుతుంది. రెండు చక్రాలు, రెండు నెమళ్లు పక్కపక్కన ఉంటే కొలిచి చూడండి. చేత్తో గీసినవి ఎప్పుడూ అచ్చంగా ఒకేలా ఉండవు. అచ్చు పనిలో మాత్రం ప్రతి కొన్ని అంగుళాలకూ అదే ఆకు అదే వంపుతో తిరిగి వస్తుంది, అచ్చు అచ్చు కలిసే చోట సన్నని అతుకు గీత కనిపిస్తుంది. కొత్త గుడ్డకు పాల వాసన, కరక్కాయ వగరు వాసన వస్తే బెంగపడకండి, నీడలో ఆరేస్తే కొన్ని వారాల్లో పోతుంది. మురికి తెలుపు నేలను చూసి పాతదనుకునేవాళ్లున్నారు. కరక్కాయ పట్టిన గుడ్డ రంగే అది. పాలలాంటి తెలుపు కనిపిస్తేనే అనుమానించాలి.

తంజావూరుకు ఫోను కెమెరా చాలు. ముఖం దగ్గర పెట్టి బాగా దగ్గరికి లాగి చూడండి. సన్నటి చుక్కల వల కనిపిస్తే అది అచ్చు కాగితం, దానిమీద రాళ్లు, రేకు అంటించారంతే. ఈ మోసం చాలా ఎక్కువ. అచ్చు కానిదైతే తర్వాత బంగారం సంగతి. పటాన్ని అటూ ఇటూ వంచి చూడండి. అసలు రేకు మెత్తగా, వెచ్చగా మెరుస్తుంది. ఇత్తడి రేకు కళ్లలో గుచ్చినట్టు తళుక్కుమంటుంది, ఏళ్లు గడిచాక రాళ్ల అంచుల వెంట నల్లబడుతుంది. కంటి చూపు ఎంత నమ్మకమైనదైనా బిల్లు మీద "22 క్యారెట్ల బంగారు రేకు" అని రాయించుకోండి. రాయడానికి వెనకాడే దుకాణంలో కొనకండి.

ఫ్రేము లేకుండా చూపించమని అడగండి. గోటితో నాలుగైదు చోట్ల మెల్లగా తడితే ఒకే గట్టి చప్పుడు రావాలి. ఎక్కడైనా డొల్ల చప్పుడు వస్తే అక్కడ గుడ్డ చెక్కను వదిలేసిందన్నమాట, ముందుముందు పెచ్చులూడేది అక్కడే. అడుగు చదరం పటానికి 6 మి.మీ. ప్లైవుడ్ సరిపోతుంది. రెండడుగులు దాటితే 12 మి.మీ. ఉండాలి, లేకపోతే పలక విల్లులా వంగుతుంది. స్కేలు ఆనించి వంపు చూసుకోండి.

చేర్యాల పటాన్ని చుట్ట విప్పి ఏటవాలు వెలుగులో చూడండి. అడ్డంగా తెల్లటి సన్నని చారలుంటే ఎవరో మడత పెట్టారు, సుద్ద విరిగింది. అది బాగయ్యే జబ్బు కాదు. ఇప్పుడు చాలామంది బజారు రంగులే వాడతారు, అది తప్పేమీ కాదు. కానీ సహజ రంగులని చెప్పి ఆ ధర అడిగితే ఏ రంగు దేంతో చేశారో అడగండి. చేసినవాళ్లయితే శంఖం పొడి, దీపపు మసి, ఇంగిలీకం అంటూ గడగడా చెప్తారు. ఒక్క ఘట్టం కొంటున్నప్పుడు అది ఏ పురాణంలో ఏ ఘట్టమో, ఎవరు ఏ ఏడాది గీశారో వెనక రాయించుకోండి. పదేళ్ల తర్వాత పిల్లలు అడిగితే చెప్పడానికి మీకే పనికొస్తుంది.

6. పటం కట్టించడం

మంచి బొమ్మలు చాలావరకు పాడయ్యేది ఇక్కడే. ఫ్రేములు కట్టే దుకాణంలో గుడ్డ బొమ్మ ఇవ్వగానే ప్లైవుడ్ మీద వడ్రంగి వాడే తెల్ల జిగురు పూసి, గుడ్డ పరిచి, చేత్తో రుద్ది అంటించేస్తారు. ఆ రోజుకు నున్నగా ఉంటుంది. మొదటి వానాకాలానికి బుడగలు లేస్తాయి, ఆ తర్వాత జిగురు మరక గోధుమ రంగులో పైకి తేలుతుంది. ఒకసారి అంటించాక చిరక్కుండా తీయడం కుదరదు. అందుకే బొమ్మ చేతికిచ్చే ముందే ఈ మాటలు కాగితం మీద రాసివ్వండి:

- బొమ్మకు ఎక్కడా జిగురు తగలకూడదు. నూలు గుడ్డ చుట్టిన అట్ట మీద పరిచి, అంచుల్లో అంగుళానికొక కుట్టు చొప్పున సన్నని నూలు దారంతో కుట్టాలి.
- అంచు ఒక్క అంగుళం కూడా కత్తిరించకూడదు. ఎక్కువుంటే వెనక్కి మడవాలి.
- వెనక అట్ట, ముందు మౌంటు రెండూ ఆమ్లం లేనివే వేయాలి. మామూలు అట్ట కొన్నేళ్లకు పసుపెక్కి, ఆ రంగు గుడ్డకు పట్టిస్తుంది.
- అద్దం బొమ్మను తాకకూడదు. మౌంటు ఉంటే రెండున్నర, మూడు అంగుళాల వెడల్పున, లేకపోతే ఫ్రేము లోపల చుట్టూ 5 మి.మీ. పట్టీ.

అద్దం తగలకూడదనడానికి కారణం ఉంది. వాన రోజుల్లో అద్దం లోపలివైపు ఆవిరి పడుతుంది. గుడ్డ దాన్ని ఆనుకుని ఉంటే తడిసి బూజు పడుతుంది, చేర్యాలలో రంగు ఏకంగా అద్దానికే అంటుకుపోతుంది. మెరవని గరుకు అద్దం అడుగుతారు కొందరు. బొమ్మకు, అద్దానికి మధ్య ఖాళీ ఉన్నప్పుడు ఆ అద్దంలో గీతలు మసకబారతాయి. ఉబ్బెత్తు పనికి ఖాళీ తప్పదు కాబట్టి తంజావూరుకు అది అసలు వద్దు, మామూలు స్పష్టమైన అద్దమే వేయించండి.

బరువు ఎక్కువని అక్రిలిక్ వేయించాలనుకుంటే కలంకారీకి పర్వాలేదు. చేర్యాలకు వద్దు. తుడిచినప్పుడల్లా అక్రిలిక్‌లో పుట్టే స్థిర విద్యుత్తు వదులుగా ఉన్న సుద్ద రేణువులను లాక్కుంటుంది.

అద్దమే వద్దనుకుంటే కలంకారీని పాత పద్ధతిలో వేలాడదీయొచ్చు. పైనా కిందా నూలు గుడ్డతో రెండంగుళాల గొట్టాల్లా కుట్టించి కర్రలు దూర్చడమే. కొత్త పట్టీని బొమ్మకు వెనకవైపు కుట్టాలి, బొమ్మ గుడ్డనే మడిచి కుట్టకూడదు. కర్రకు వార్నిష్ వేయించి, పూర్తిగా ఆరాకే దూర్చండి.

తంజావూరుకు చెట్టినాడు పద్ధతి టేకు ఫ్రేము బాగా నప్పుతుంది. వెనక పలకను ఖాళీల్లేకుండా గోధుమ రంగు కాగితంతో మూయించండి, పురుగులకు దారి ఉండదు.

7. తగిలించడం

ముందు బరువు లెక్క. 3 మి.మీ. అద్దం చదరపు మీటరుకు ఏడున్నర కిలోలు. 3×4 అడుగుల పటం అంటే సుమారు 1.1 చదరపు మీటర్లు, కాబట్టి అద్దమే 8 కిలోలు దాటుతుంది. 12 మి.మీ. ప్లైవుడ్ ఇంకో 8. టేకు ఫ్రేముతో కలిపి తంజావూరు పటం 20 కిలోలకు చేరుతుంది. దాన్ని ఒక్క మేకుకు వదిలేయకండి.

ఇటుక గోడకు 8 మి.మీ. ప్లగ్గు, హైదరాబాదులో గిట్టీ అంటారు, వేసి స్క్రూ బిగించాలి. పైనున్న ప్లాస్టరింగు 12 నుంచి 20 మి.మీ. మందం ఉంటుంది, దానికి మోసే శక్తి లేదు. స్క్రూ ప్లాస్టరు దాటి ఇటుకలోకి కనీసం అంగుళంన్నర దిగాలి. ఏఏసీ బ్లాకుకు మామూలు గిట్టీ పనికిరాదు, నెల తిరిగేలోపు పొడిరాలి ఊడొస్తుంది. వాటికని విడిగా దొరికే పొడవాటి ప్లగ్గులు తీసుకుని, డ్రిల్లులో సుత్తి దెబ్బ ఆపేసి మామూలుగా తిప్పండి. కాంక్రీటుకు మాత్రం సుత్తి డ్రిల్లు లేనిదే పని జరగదు.

ఫ్రేము వెనక రెండు వైపులా, పై నుంచి మూడో వంతు దగ్గర ఇనుప రింగులు బిగించి, స్టీలు తీగ కట్టించండి. నైలాన్ దారం సాగుతుంది. కొక్కెం ఎత్తుకు సులువైన లెక్క ఉంది: బొమ్మ నడిమధ్య ఎత్తుకు ఫ్రేము సగం ఎత్తు కలిపి, తీగను పైకి లాగినప్పుడు అది ఫ్రేము పై అంచుకు ఎంత కిందుందో అది తీసేయండి. 30 అంగుళాల ఫ్రేము, నడిమి ఎత్తు 58, తీగ 4 అంగుళాలు కిందుంటే 58+15−4, అంటే 69 అంగుళాల దగ్గర కొక్కెం. బరువైన వాటికి తీగ వద్దు, రెండు రింగులను రెండు స్క్రూలకు నేరుగా తగిలించండి.

కింది రెండు మూలల వెనక 5 మి.మీ. రబ్బరు బిళ్లలు అంటించండి. గోడకు, పటానికి మధ్య గాలి ఆడుతుంది, చెమ్మ నిలవదు. బల్లులు అక్కడే కాపురం పెడతాయని కొందరు బిళ్లలు పీకేస్తుంటారు. బల్లి కంటే బూజు ప్రమాదం.

దీపం ఎల్ఈడీదే పెట్టండి, 2700 నుంచి 3000 కెల్విన్ల పసుపు వెలుగు. 6500 తెల్ల దీపం కింద బంగారు రేకు పాలిపోతుంది, కలంకారీ ఎరుపు మట్టి రంగులా కనిపిస్తుంది. పదడుగుల స్లాబుకు బిగించే దీపమైతే గోడకు మూడడుగుల ఇవతల ఉంచండి. వెలుగు 30 డిగ్రీల వాలులో పడి, అద్దంలో దీపం ప్రతిబింబం కంట్లో కొట్టదు. పూజగదిలో నూనె దీపానికి, పటానికి మధ్య రెండడుగుల దూరం ఉండాలి. బొట్టు పెట్టాలనుకుంటే అద్దం మీదే పెట్టండి.

8. తర్వాతి సంరక్షణ

పదిహేను రోజులకోసారి మెత్తని కుంచెతో దుమ్ము దులపండి. అద్దం తుడిచే ద్రవాన్ని గుడ్డ మీద చల్లుకోండి, నేరుగా అద్దం మీద చల్లితే కింది సందులోంచి లోపలికి కారుతుంది. అద్దం లేని కలంకారీకి, చేర్యాలకు తడిగుడ్డ తగలనే కూడదు. జూన్‌లో వానలు మొదలయ్యే ముందు ఒకసారి, సంక్రాంతికి సున్నాలు వేసేటప్పుడు ఒకసారి పటాలు దించి వెనక చూడండి. ఫ్రేము మూలల్లో సన్నటి పొడి, గోడ మీద మట్టి గీత కనిపిస్తే పురుగో చెదలో వచ్చినట్టు. దించిన పటాలు ఒకదానిమీద ఒకటి పేర్చకండి, గోడకు ఆనించి నిలబెట్టండి. కలంకారీలు రెండుంటే ఆరు నెలలకొకటి చొప్పున మార్చి తగిలించండి. గుడ్డకు విశ్రాంతి దొరుకుతుంది, గోడ కూడా కొత్తగా కనిపిస్తుంది.

విదేశాల్లో ఉన్న పిల్లలకు పంపాలనుకుంటే గుడ్డ బొమ్మలే మేలు. నాలుగంగుళాల పీవీసీ గొట్టానికి తెల్ల నూలు గుడ్డ చుట్టి, బొమ్మ ఉన్న వైపు బయటికి వచ్చేలా వదులుగా చుట్టండి. లోపలికి చుడితే చేర్యాల పూత నలిగి ముడతలు పడుతుంది. తంజావూరు పంపితే హీటర్లు వేసుకునే చలి దేశాల్లో గాలి మరీ పొడిబారి చెక్క కుంచించుకుపోతుంది, అందుకని హీటరుకు దూరంగా ఉన్న లోపలి గోడకే పెట్టమని చెప్పండి. 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన చిత్రాన్ని మామూలు మనిషి దేశం దాటించకూడదు. కొత్తదైనా పాత తీరులో ఉన్న తంజావూరు పటం పంపేటప్పుడు గీసిన ఏడాది, కళాకారుడి పేరు ఉన్న బిల్లు వెంట ఉంచండి. అక్కడ గొట్టం విప్పిన వెంటనే ఫ్రేము దుకాణానికి తీసుకెళ్లకుండా, రెండు రోజులు బల్ల మీద పరిచి, అంచుల మీద పుస్తకాలు పెట్టి, చుట్ట వంపు దానంతటదే సర్దుకోనివ్వమనండి. ఇస్త్రీ పెట్టె మాత్రం వద్దని గట్టిగా చెప్పండి.